ఖడ్గమృగానికి చెవిపోగు

బండమీదిపల్లెలో ఎవరి పెరట్లో గునపం దించినా జానెడు లోతున ఠంగుమంటుంది. ఊరు ఊరంతా నాపబండ మీద కూర్చుని ఉంది. ఆ బండను కోసి, పాలిష్ పట్టి, లారీలకెక్కించి ఊళ్లోవాళ్లు బతుకుతున్నారు గానీ, ఇంటి వెనక ఒక గుంత తీసుకోవాలంటే మాత్రం ఏడుపే. ఆ లెక్కన ఉరుకుందమ్మ అదృష్టవంతురాలు. ఆమె పెరట్లో ఈశాన్యం మూల బండకు పెద్ద నెరియ పడి, ఆ నెరియ నిండా ఎర్రమట్టి చేరి ఉంది. గునపం అక్కడొక్క చోటే సుఖంగా దిగుతుంది.

ఈశాన్యంలో మరుగుదొడ్డి గుంత పనికిరాదన్నాడు మేస్త్రి హుసేన్ పీరా. ఆయన ఐదు పూటలా మసీదుకు పోయే మనిషే గానీ, వాస్తు విషయంలో ఊళ్లో ఆయన మాటే చెల్లుబడి.

"ఇంటికి మంచిది గాదు ఉరుకుందక్కా. ఇంగో చోటు జూడు."

వసారాలో మంచం మీద నుంచి ఉరుకుందమ్మ అత్త ఈరమ్మ అందుకుంది. "నా తుంటిలో ఇనుప కమ్మి యేసినారు పీరా. ఏ మూలన ఏసినారో ఏ దేవుడన్నా వచ్చి అడిగినాడా? తవ్వు నువ్వు."

పీరా తవ్వాడు.

పోయిన వానాకాలం ఈరమ్మ చెంబు పట్టుకుని ముళ్లకంప దాటి బయటికి వెళ్లింది. తడిబండ మీద కాలు జారింది. తుంటి విరిగింది. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదని, కుర్చీలాంటి దొడ్డి కట్టించాలని డాక్టరు చెప్పాడు. ఉరుకుందమ్మ మొగుడు మద్దిలేటి పాలిష్ ఫ్యాక్టరీ నుంచి వస్తూ వస్తూ తెల్లటి కమోడ్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. అది గోనెసంచి చుట్టుకుని బియ్యం బస్తా పక్కన కూర్చుంది. అందాకా ప్లాస్టిక్ కుర్చీకి నడుమ కోసి, కింద బకెట్ పెట్టి గడుపుతున్నారు.

బకెట్ మోయడం ఉరుకుందమ్మకు కష్టం కాలేదు. ఇద్దరు పిల్లల గుడ్డలు ఉతికిన చేతులు. కష్టమైంది ఈరమ్మకు. బకెట్‌తో కోడలు గుమ్మం దాటేటప్పుడు ముసలామె గోడవైపు తిరిగి పడుకునేది. కొన్నాళ్లకు ఆకలి లేదనడం మొదలుపెట్టింది. రెండు ముద్దల సంగటి తినే మనిషి అర ముద్దకు దిగింది. నీళ్ల చెంబు పెదాలకు తాకించి పక్కన పెట్టేది. నోట్లోకి పోవడం తగ్గిస్తే బకెట్‌లోకి పోవడం తగ్గుతుందని ఆమె లెక్క. ఉరుకుందమ్మకు ఆ లెక్క అర్థమైంది. ఇట్లాగే నీళ్లు మానేస్తే మూత్రపిండాలు చెడతాయని డాక్టరు చెప్పిన మాటా గుర్తుంది. అందుకే వానలు పడేలోపు దొడ్డి లేవాలని ఆమె పట్టు.

నడుము లోతు తవ్వాక పీరా గునపం దేనికో తగిలింది. బండ చప్పుడు కాదు, ఎండు కట్టె చప్పుడు. మట్టి చేత్తో తోస్తే దవడ ఒకటి బయటపడింది. అందులో పిడికిలంత పళ్లు. దానికి కాస్త కిందుగా కాలి ఎముకలు, వాటి చివర గిట్టల్లాంటివి మూడు. అన్నీ రాయిగా మారిపోయి ఉన్నాయి.

"ఇది గేదె గాదక్కా," అన్నాడు పీరా. "గేదెకు ఇంత పండ్లుంటే మనల్నే తినేస్తాండె. తీసి అవతల పారేద్దునా?"

పారేసి ఉంటే కథ లేదు. సరిగ్గా అప్పుడే పంచాయతీ సెక్రెటరీ సంజీవరాయుడు, మరుగుదొడ్డి పథకం కింద సిమెంటు ఇచ్చేముందు, గుంత ఫొటో తీసుకోవడానికి వచ్చాడు.

ఆ ఏడాది జిల్లాకు గిట్టల పిచ్చి పట్టి ఉంది. అంతకు ముందు ఏడాది ఇంకుడు గుంతల పిచ్చి, దానికి ముందు గోడల మీద నినాదాల పిచ్చి. ఈసారి జిల్లాలోని గిట్టలున్న ప్రతి జంతువుకూ చెవిపోగు వేసి, నంబరిచ్చి, ఫోనులోకి ఎక్కించాలని నిర్ణయించారు. ఉద్యమం పేరు 'నూటికి నూరు గిట్టలు'. చెవిపోగు లేని జంతువు ఏ ఇంట్లో కనబడితే ఆ ఇంటికి ఏ పథకమూ వర్తించదు. జనం ఈనిన గేదెల్ని, జబ్బు మేకల్ని చాటుకు కట్టేస్తారేమోనని అనుమానించిన ఒక మేధావి సర్క్యులర్‌లో గట్టి వాక్యం రాశాడు: 'గిట్టలు గల ఏ జంతువైననూ, ఎచ్చట కనబడినను, ఏ స్థితిలో కనబడినను నమోదు చేయవలెను.'

సంజీవరాయుడు ఆ వాక్యాన్ని కంఠస్థం చేసినవాడు. ఫోను గుంతవైపు చూపించి, మళ్లీ దించి, వంగి చూశాడు.

"అమ్మా, ఇవి గిట్టలు కదా?"

"రాళ్లు సారూ," అంది ఉరుకుందమ్మ.

"ప్రస్తుత స్థితి అడగలేదమ్మా. గిట్టలా, కాదా?"

పీరా నోరు జారాడు. "గిట్టలే సార్, మూడుండాయి."

"అయితే పని ఆపండి. నమోదు కాని జంతువు ఆవరణలో ఉండగా మరుగుదొడ్డి గుంత తవ్వడం నిబంధనలకు విరుద్ధం."

"జంతువేంది సారూ, అది సచ్చి ఎన్ని తరాలైందో!"

"చనిపోయినట్టు మీ దగ్గర ధ్రువీకరణ ఉందా?" అని సంజీవరాయుడు చాలా మర్యాదగా అడిగాడు.

మరుసటి రోజు పశువుల డాక్టరు జయపాల్ వచ్చాడు. మంచివాడు. గుంతలోకి దిగే ముందు చెప్పులు విప్పాడు. దవడ చూశాడు, పళ్లు చూశాడు, స్టెతస్కోపు మెడలోంచి తీయబోయి, ఏదో తోచినట్టు మళ్లీ మెడలోనే వేసుకున్నాడు.

"సచ్చిపోయిందని ఒక్క ముక్క రాసిచ్చి పో సారూ, నీకు పుణ్యముంటాది," అంది ఉరుకుందమ్మ.

"ఎట్లా రాయమంటావమ్మా? మరణం రాయాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే గుండె, కాలేయం, ప్లీహం కోసి చూడాలి. అవి ఎక్కడున్నాయి?"

"మట్టైపోయినాయి గదా!"

"చూడనివాటిని చూశానని నేను రాయలేను. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదు." కొంచెం గొంతు తగ్గించాడు. "ఇంకొకటి కూడా ఉందిలే. ఉద్యమం మొదలైన దగ్గర్నుంచీ మా మండలంలో ఒక్క పశువు కూడా చావలేదు. జిల్లాలో మాదే మొదటి స్థానం."

"మొన్న కురువోళ్ల మందలో పిడుగు పడి గొర్రెలు పాయ గదా సారూ?"

"అవి వలసపోయాయి," అన్నాడు జయపాల్.

చావలేదు గనక బతికే ఉంది. బతికున్నదానికి చెవిపోగు వేయాలి. చెవి లేదు. డాక్టరు, సెక్రెటరీ చాలాసేపు చర్చించుకుని, దవడ వెనక చెవి ఉండాల్సిన చోట రంధ్రం ఉందని కనుక్కున్నారు. పీరా చేత ఆ రంధ్రంలోంచి ఇనుప తీగ దూర్పించి, పసుపుపచ్చ చెవిపోగు వేలాడదీశారు. ఇక గాలికుంటు టీకా. సూది రాతిలోకి దిగలేదు. పక్కన మట్టిలోకి గుచ్చి మందు వదిలాడు డాక్టరు. ఫోనులో వయసు గడి రెండంకెలకు మించి ఒప్పలేదు. ఎందుకైనా మంచిదని సంజీవరాయుడు నాలుగేళ్లని వేశాడు.

"లేత వయసే," అంది మంచం మీద నుంచి ఈరమ్మ.

చెవిపోగు వేశారు గనక పని మొదలుపెట్టుకోవచ్చనుకుంది ఉరుకుందమ్మ. పీరా గునపం ఎత్తగానే సంజీవరాయుడు పరుగున వచ్చాడు. నమోదైన పశువు ఉన్న చోట మరుగుదొడ్డి గుంత ఎట్లా తవ్వుతారు? పశువుకు హాని జరిగితే ఎవరిది బాధ్యత?

"అయితే దాన్ని తీస్కపోండి సామీ!"

తీసుకుపోవడానికి మనిషి కూడా వచ్చాడు. పాత ఎముకల మీద చదువుకున్న పెద్దాయన, ఎక్కడో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు. ఎవరో పంపిన ఫొటో చూసి రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. గుంతలో మోకాళ్ల మీద కూర్చుని పళ్లను చిన్న కుంచెతో తుడుస్తుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇది ఖడ్గమృగం జాతి జంతువని, ఇప్పుడు భూమ్మీద లేదని, ఈ బండల మధ్య గడ్డి మైదానాలున్న కాలంలో తిరిగి ఉంటుందని, నీళ్లకోసం వచ్చి నెరియలో పడి ఉండొచ్చని ఉరుకుందమ్మకు పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"పాపం, ఇదీ జారి పడిందేనా?" అంది ఈరమ్మ.

"అయి ఉండొచ్చమ్మా."

ముక్కు మీద కొమ్ము కూడా ఉండేదని ఆయన అన్నదే తప్పు. సంజీవరాయుడు ఫోను తీశాడు. "కొమ్ములు, ఒకటి. మరి ఆ కొమ్ము కనబడదేం?" అని ఉరుకుందమ్మవైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. బడిలో బలపం పోతే ఆఖరి బెంచీవైపు చూసే చూపు.

"నా కొంగున ముడేసుకుండానా సారూ?" అని ఆమె కొంగు విదిలించింది.

ఖడ్గమృగం కొమ్ము ఎముక కాదని, గోళ్లలాంటి పదార్థమని, మట్టిలో మిగలదని పెద్దాయన ఎంత చెప్పినా, 'సదరు పశువు యొక్క కొమ్ము లోపించుటకు గల కారణములపై యజమానురాలు సంజాయిషీ ఇవ్వవలెను' అని సాయంత్రానికి నోటీసు రానే వచ్చింది.

దానికంటే పెద్ద చిక్కు మర్నాడు పడింది. ఎముకలు విరిగిపోకుండా పెద్దాయన వాటి చుట్టూ తడి గుడ్డ చుట్టి, సుద్ద పూసి, తెల్లగా కట్టు కట్టాడు. వ్యాను మాట్లాడుకున్నాడు. నమోదైన పశువును మండలం దాటించాలంటే డాక్టరు పర్మిట్ కావాలి. జయపాల్ వచ్చి కట్టు చూసి తల అడ్డంగా ఊపాడు.

"స్వయంగా నిలబడలేని పశువును వాహనం ఎక్కించడం క్రూరత్వం కింద వస్తుంది సార్. అందులోనూ కాలికి కట్టుంది."

"అది కట్టు కాదండీ! ఎముక కాపాడటానికి..."

"కట్టు ఎందుకు వేస్తామండీ? ఎముక కాపాడటానికే కదా. మానాక చూద్దాం."

పెద్దాయన ఆ గడప మీద కూర్చుని చాలాసేపు తల పట్టుకున్నాడు. ఉరుకుందమ్మ ఆయనకు మజ్జిగిచ్చింది. తాగి, గుంత మీద వాన పడకుండా చూడమని ఆమె రెండు చేతులూ పట్టుకుని బతిమాలి, ఖాళీ వ్యానులో వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మద్దిలేటి భోజనం చేస్తూ ఒకే మాటన్నాడు. "పూడ్చేద్దాం మ్మే. అది పాయ, మన బాధ పాయ."

"పూడిస్తే బతికున్న పశువును పాతిపెట్టినారంటారు," అంది ఉరుకుందమ్మ. ఆ మాట అన్నాక ఆమెకే భయం వేసింది. తనకు కూడా వాళ్ల భాష వచ్చేస్తోంది.

ఈరమ్మ ఆ పూట అర ముద్ద కూడా తినలేదు. చెంబు నిండా ఉన్న నీళ్లు అట్లాగే ఉన్నాయి. పెదాలు ఎండి పొరలు లేస్తున్నాయి. ఉరుకుందమ్మ గదమాయించింది, బుజ్జగించింది.

"దప్పిక గాల్యా," అంది ఈరమ్మ. కాసేపటికి, "నీ చేతుల్తో అన్నం బెడ్తావు, ఆ చేతుల్తోనే అదీ మోస్తావు. నాకు లోపలికి పోదే," అంది.

తొలకరి మబ్బులు కమ్మిన రోజున జయపాల్, సంజీవరాయుడు కలిసి వచ్చారు. ముఖాలు వెలిగిపోతున్నాయి. చెవిపోగు వేసిన పశువు ఎండకూ వానకూ పడి ఉంటే జిల్లాకు చెడ్డపేరట. అందుకని పశువుల పాక మంజూరైంది. అంతా ప్రభుత్వమే కట్టిస్తుంది. సిమెంటు గచ్చు, రేకుల కప్పు, మూడు వైపులా గోడ, నీళ్ల కొళాయి, గచ్చుకు వాలు, మూత్రం పోవడానికి గొట్టం, గొట్టం చివర గుంత.

ఉరుకుందమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి.

"గుంతా? గుంత తవ్వకూడదన్యారు గదా సారూ?"

"మరుగుదొడ్డి గుంత తవ్వకూడదమ్మా. ఇది పశువు గుంత."

"యాడ తవ్వుతారు?"

"బండ లేని చోటు అదొక్కటే కదా. ఆ మట్టిలోనే, కొంచెం ఇవతలగా."

ఉరుకుందమ్మ చేట పక్కన పెట్టి లేచింది. కొంగు సర్దుకుంది. ఆమె గొంతులో అంత వినయం మద్దిలేటి పెళ్లినాడు కూడా వినలేదు.

"సారూ, మూడు దిక్కుల గోడలంటాండారు. నాలుగో దిక్కు నుంచి సదరు పశువుకు ఈదరగాలి తగలదా? కాలికి కట్టు కూడా ఉండాది."

జయపాల్ కదిలిపోయాడు. సర్వీసులో ఇంత శ్రద్ధ ఉన్న యజమానురాలిని చూడలేదు. "నాలుగో గోడ కూడా పెట్టించండి రాయుడుగారూ. తలుపుతో."

"లోపల గడె గూడా ఉంటే బాగుంటాది సారూ."

"లోపల ఎందుకమ్మా?"

"కుక్కలు తోసుకొస్తాయి. బయటి గడె కుక్కలకు అలవాటైంది."

సంజీవరాయుడు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఫోనులోకి చూసి, లోపలి గడియ వద్దని ఎక్కడా లేదని గ్రహించి, రాసుకున్నాడు.

మరుగుదొడ్డికి ఎండాకాలమంతా పట్టినా రాని సిమెంటు పశువు పేరు చెప్పగానే రెండు ట్రాక్టర్లలో వచ్చింది. కాంట్రాక్టరు పీరానే పనికి పెట్టుకున్నాడు. ఎముకలున్న వైపు ఒక మూలగా వదిలి, పెద్దాయనకిచ్చిన మాట ప్రకారం టార్పాలిన్ పట్టా కప్పి, నడుమ పిట్టగోడ కట్టాడు. వాలు తీశాడు. గొట్టం వేశాడు. ఆఖరిరోజు గొట్టం మొదట్లో గచ్చుకు గుండ్రంగా ఖాళీ వదిలి, తాపీ పక్కన పెట్టి నిలబడ్డాడు.

"అక్కా, ఇక్కడ ఏం పెట్టమంటావు?"

ఉరుకుందమ్మ ఇంట్లోకి వెళ్లి గోనెసంచి విప్పింది.

మొదటి రోజు ఈరమ్మను చంకల్లో చేతులు వేసి నడిపించుకుపోయింది. ముసలామె గచ్చు చూసింది, కొళాయి తిప్పి చూసింది, పిట్టగోడ అవతల పట్టా కింద ఉన్నదానివైపు చూసి కొంచెం తటపటాయించింది.

"అది ఉండంగా ఎట్ల కూసునేదే?"

"అది ఆడదేలే అత్తా. కూసో."

తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది. బయట నిలబడ్డ ఉరుకుందమ్మ గోడకు తల ఆనించింది. ఆ రాత్రి ఈరమ్మ ముద్దన్నర సంగటి తిని, చారు బాగా లేదని వంక కూడా పెట్టింది.

వానలు మొదలైన వారంలో జాయింట్ డైరెక్టర్ మేడం గారు ఆఖరి తనిఖీకి వచ్చారు. జిల్లా నూటికి నూరు గిట్టలకు చేరిందో లేదో స్వయంగా చూసి పైకి రాయాలి. జీపుల వెంట జీపులు. పెరటినిండా బూట్ల అడుగులు. సంజీవరాయుడు గొడుగు పట్టాడు. జయపాల్ ఫైలు పట్టాడు.

మేడంగారు పాకను నాలుగువైపులా చూశారు. "శభాష్. ఈ స్థాయి వసతి ప్రభుత్వ ఆస్పత్రి వార్డులో కూడా చూడలేదు. తలుపు తీయించండి."

సంజీవరాయుడు తలుపు తోశాడు. రాలేదు. ఉరుకుందమ్మ వెనక్కి తిరిగి చూసింది. వసారాలో మంచం ఖాళీగా ఉంది.

సంజీవరాయుడు తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. లోపల్నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు గట్టిగా వచ్చింది. వెంటనే కొళాయి నీళ్లు చెంబులో పడుతున్న చప్పుడు.

జయపాల్ సంజీవరాయుడిని చూశాడు. సంజీవరాయుడు తలుపు కింద సందులోంచి కనబడుతున్న హవాయి చెప్పుల్ని చూశాడు. ఇప్పుడు నిజం చెప్పాలంటే చాలా నిజాలు చెప్పాలి. మట్టిలోకి గుచ్చిన టీకా దగ్గర్నుంచి, వలసపోయిన గొర్రెల దాకా. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"నీళ్లు తాగుతోంది మేడం," అన్నాడు ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం రాయని జయపాల్. అది రాయడం కాదు గదా, చెప్పడమే.

"శబ్దానికి స్పందిస్తోందే!" అన్నారు మేడంగారు ఆనందంగా. "ఒకసారి చూడవచ్చునా?"

"కొత్త మనుషులంటే బెదురుతాది మేడం," అంది ఉరుకుందమ్మ. "తన్నినా తంతాది."

మేడంగారు ఒక అడుగు వెనక్కి వేసి గుమాస్తాకు చెప్పి రాయించారు. 'సదరు పశువు సంపూర్ణ ఆరోగ్యముతో, చురుకుగా, శుభ్రమైన పరిసరములలో నివసించుచున్నది. యజమానురాలి పోషణ ప్రశంసనీయము.' రాయించి, జయపాల్‌వైపు తిరిగారు. "ఆడా, మగా?"

జయపాల్ ఉరుకుందమ్మవైపు చూశాడు.

"ఆడది మేడం," అంది ఆమె.

"అయితే నాలుగేళ్ల వయసుకు చూడి కట్టి ఉండాలే. పరీక్ష చేశారా? లేదా? వచ్చే నెల నేనే దగ్గరుండి చేయిస్తాను. ఈ జాతి మన జిల్లాలో వృద్ధి చెందాలి."

జీపులు వెళ్లిపోయాయి. గడియ తీసిన చప్పుడైంది. ఈరమ్మ గోడ పట్టుకుని, చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ బయటికి వచ్చింది. పెరట్లో బూట్ల గుర్తులు చూసింది.

"ఎవురే వాళ్లు? ఒకటే తలుపు కొట్టిరి. మనిషిని నిమ్మళంగా ఉండనియ్యరా?"

"పెద్ద ఆఫీసరమ్మ వచ్చిండె అత్తా. నీ ఆరోగ్యం బ్రమ్మాండంగా ఉందని రాస్కపోయింది."

"నాదా?" ముసలామె నమ్మలేదు. "ఆస్పత్రిలో అన్ని దినాలు పడుంటే ఒక్కడు ఎట్లుండావని అడగల్యా. ఇంటికొచ్చి రాస్కపోయినారా?" ఆమె మంచం దాకా నడిచి, కూర్చుని, కాళ్లు చాపుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తారంట?"

ఉరుకుందమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. "వచ్చే నెల. నువ్వు కడుపుతో ఉండావో లేదో చూసేకి."

ఈరమ్మ కోడలివైపు, పాకవైపు, మళ్లీ కోడలివైపు చూసింది. బోసినోరు మెల్లగా విచ్చుకుంది.

"రానీలే. వొట్టి చేతుల్తో రావద్దని జెప్పు," అంది. "సీమంతానికి గాజులు తెమ్మను."